పనికొచ్చినవాడు, పరాయివాడు

మాది పెదకూరపాడు. మా ఊరి ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుందనీ, దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన తెలుగాయనేననీ ఈ కాలేజీలో చేరాకే నాకు తెలిసింది. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావుగారు.

1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ, గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. సర్జరీ ప్రొఫెసరుగారికి అది గిట్టలేదు. ఎం.బి.బి.ఎస్. రావలసినచోట ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారు. మద్రాసు మెడికల్ సర్వీసులోనూ చోటు దొరకలేదు. కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, మామగారు కూడగట్టిన డబ్బుతో, భార్యను ఇక్కడే వదిలి అమెరికా వెళ్లారు. మళ్లీ రాలేదు.

హార్వర్డులో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాల మీద గొప్ప పరిశోధన చేశారు. అయినా అక్కడ ఉద్యోగం స్థిరపడలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్ ఆయన ఆధ్వర్యంలో వచ్చినవే. పిల్లల రక్తక్యాన్సరుకు ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్ కూడా అక్కడిదే.

ఇంత చేసినా అక్కడ ఆయన పరాయివాడే. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చి తలుపు కాస్త తెరిచింది. ఏడాదికి నూరుమంది భారతీయులు రావచ్చు, పౌరులు కావచ్చు. 1948 ఆగస్టులో సుబ్బారావుగారు, పౌరుడు కాకుండానే, 53 ఏళ్లకు కన్నుమూశారు.

ముఖ్యమైన నిపుణులు చేజారిపోకుండా వాళ్లకు పౌరహక్కులివ్వాలని ఇప్పుడు చాలామంది అంటున్నారు. న్యాయమే. పని చేయించుకుని హక్కు ఇవ్వకపోవడం అన్యాయం. మా అబ్బాయీ అమెరికాలో గ్రీన్ కార్డు వరసలో ఏళ్లుగా నిలబడి ఉన్నాడు. ఒక్కో దేశానికి ఏడు శాతమే అన్న నిబంధన వల్ల మనవాళ్ల వరస కదలదు. కానీ మిత్రులారా, మద్రాసులో సుబ్బారావుగారికి పుట్టుకతో వచ్చిన హక్కు ఉంది, పని లేదు. అమెరికాలో హక్కు లేదు, పని ఉంది. ఆయన పని ఉన్నచోటే ఉండిపోయారు.

మొన్న ఫోనులో మావాడు అడిగాడు, తిరిగొచ్చేస్తే ఇక్కడ ఏ ప్రయోగశాలలో చేరమంటావు నాన్నా అని. ఇంకా జవాబు చెప్పలేదు. మన లెక్చరర్లు, పూర్వవిద్యార్థులు ఎవరైనా చెప్పగలిగితే వాడికి రాస్తాను.