ఇన్సులిన్ దాత ఫ్రెడరిక్ బాంటింగు

కెనడా దేశమున ఆలిస్టను అను పల్లెకు సమీపమున, 1891వ సంవత్సరము నవంబరు 14వ తేదీని, ఒక సేద్యగాని యింట ఫ్రెడరిక్ బాంటింగు జన్మించెను. తలిదండ్రులు భక్తిగల మెథడిస్టులు. ఇతడు 1912లో వైద్యవిద్య నారంభించెను. ప్రథమ ప్రపంచ సంగ్రామమున సైనిక వైద్యుడై, 1918లో తాను గాయపడియు క్షతగాత్రులకు చికిత్స చేయుట మానక, మిలిటరీ క్రాసు పతకమును బడసెను.

ఆ దినములలో మధుమేహము సోకిన బాలురు బ్రదుకుట యరుదు. ఆహారమును మిక్కిలి తగ్గించి కొన్నాళ్లు ప్రాణము నిలుపుటయే వైద్యు లెఱిగిన యుపాయము. 1921లో టొరాంటో విశ్వవిద్యాలయమున, ఆచార్య మాక్లియాడుగారి ప్రయోగశాలయందు, బాంటింగు చార్లెసు బెస్టు అను యువకుని సాయముతో క్లోమగ్రంథినుండి ఇన్సులిన్‌ను తీసెను. కాలిపు దానిని శుద్ధిచేసెను. 1922 జనవరిలో, మరణావస్థయందున్న 14 ఏండ్ల లియొనార్డు థాంప్సను ఆ మందువలన కోలుకొని, మఱి 13 ఏండ్లు జీవించెను. 1923లో బాంటింగు, మాక్లియాడులకు నోబెల్ బహుమానము రాగా, బాంటింగు తన భాగమున సగము బెస్టున కొసగెను.

మేము ముఖ్యముగా చెప్పగోరున దింకొకటి గలదు. పేటెంటు పొందినవాని యనుమతి లేక కొంతకాలము ఇతరు లా మందును చేసి యమ్మరాదు. పెట్టిన ధనము తిరిగి రాదన్నచో క్రొత్త మందులకై పాటుపడువారు తగ్గుదురు. అయినను ఆ హక్కే ధరను పెంచి మందును పేదలకు దూరము చేయుటయు గలదు. బాంటింగు, బెస్టు, కాలిపులు తమ హక్కును తలకొక డాలరుకు విశ్వవిద్యాలయమున కిచ్చివేసిరి. ఎవ్వరును పట్టుకొనకున్నచో ఆ హక్కును లోభి యొకడు కాజేయవచ్చును. కావున విశ్వవిద్యాలయమే ధర్మకర్తయై, తగిన సంస్థలకు అనుమతి నిచ్చుచు, మందు గుణమును పరీక్షించుచు వచ్చెను.

బాంటింగు 1941 ఫిబ్రవరిలో విమాన ప్రమాదమున మృతినొందెను. పిమ్మట వచ్చిన క్రొత్తరకపు ఇన్సులిన్లకు సంస్థలు వేఱుగా పేటెంట్లు పొందినవి. అమెరికాలో ధర మిక్కిలి పెరిగి, కొందఱు మోతాదు తగ్గించుకొని ప్రాణములు గోల్పోయిరి. తుదకు 2022లో ఆ దేశము చట్టము చేసి, మెడికేర్ అను ప్రభుత్వ బీమా గలవారు ఇన్సులిన్‌కు నెలకు 35 డాలర్లకు మించి చెల్లింపనక్కఱలేదని నిర్ణయించెను. మన దేశమునను ముఖ్యౌషధముల పట్టికలో నున్న ఇన్సులిన్లకు ప్రభుత్వము గరిష్ఠ ధరను విధించుచున్నది. దాత దయ యొక్కటియే చాలదు. దానిని కాపాడు న్యాయమైన చట్టమును కావలయును.

బాంటింగు పుట్టినదినమే ప్రపంచ మధుమేహ దినము; మన బాలల దినోత్సవమును నాడే. ఆ దినమున మన విద్యార్థులు ఈ పుణ్యపురుషుని తలచి, తాము నేర్చిన విద్య యెవరి మేలునకో యోచింతురుగాక.