భీమవరం డాక్టరూ, గుండె పురుగూ

మాది స్టూవర్టుపురం. ఆ పేరు వినగానే ఎదుటివాళ్లు జేబు తడుముకోవడం నాకు అలవాటే. నాకు మాత్రం మా వూరంటే గుమ్మానికో కుక్క, పొద్దుగూకితే దోమల దండు. పశువైద్యం చదివే నాకు ఈ రెండూ కలిసేచోట యల్లాప్రగడ సుబ్బారావుగారు తటస్థపడ్డారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇద్దరు అన్నదమ్ముల్ని స్ప్రూ అనే విరేచనాల జబ్బు పొట్టన పెట్టుకుంది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టిన పాపానికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారు. (బట్టని బట్టి డిగ్రీ!) అమెరికా చేరి, హార్వర్డులో ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. అక్కడ స్థిరమైన పదవి దక్కక 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లిపోయారు.

యుద్ధకాలంలో పసిఫిక్ దీవులకెళ్లిన అమెరికన్ సైనికులకు ఫైలేరియా పట్టుకుంది. మన కోస్తాలో బోదకాలు తెచ్చేదీ అదే. సుబ్బారావుగారి బృందం ఎలుకల మీదా, గుండె పురుగు సోకిన కుక్కల మీదా పరీక్షించి 1947లో డైఇథైల్ కార్బమజీన్‌ను ప్రకటించింది. హెట్రజాన్ అంటే అదే. మనిషి మందుకి కుక్క కూడా సాక్షి అన్నమాట.

ఆ మందు దోమ ఎక్కించిన లేత పురుగును చంపుతుంది. గుండెలో, ఊపిరితిత్తుల నాళాల్లో జానెడు పైగా పెరిగిన పెద్ద పురుగును చంపలేదు. అందుకే కుక్కలకు దోమల కాలమంతా రోజూ వేసే నివారణ బిళ్లగానే చాలాకాలం నడిచింది. 1987లో నెలకోసారి వేసే ఐవర్‌మెక్టిన్ వచ్చి దాన్ని పక్కకు నెట్టింది. పెద్ద పురుగుకి మెలార్సొమిన్ అనే పాషాణపు సూది వెయ్యాలి. చచ్చిన పురుగులు ఊపిరితిత్తుల్లో అడ్డుపడతాయి గనక, ఆపైన వారాల తరబడి కుక్కను పరుగెత్తనివ్వకూడదు.

ఇంకో మాట. నెత్తుట్లో పిల్లపురుగులున్న కుక్కకు సుబ్బారావుగారి మందు వేస్తే గంటల్లో షాకు తగిలి చచ్చిపోవచ్చు. 2004 నుంచి బోదకాలు నివారణకని కోస్తా జిల్లాల్లో ఈ బిళ్లలు పంచారు. మిగిలిన బిళ్ల కుక్కకు వేద్దామా అని మా వీధిలోనే నన్నడిగారు. ముందు చుక్క రక్తం సూక్ష్మదర్శిని కింద చూడాలన్నాను. మనవైపు గుండె పురుగు కన్నా చర్మం కింద చేరే దాని దాయాది ఎక్కువ. దానికీ నెత్తుట్లో పిల్లలుంటాయి.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలో పోయారు. హెట్రజాన్ వచ్చి అప్పటికి ఏడాదే. కుక్కల బిళ్లగా దానికి పేరు రావడం ఆయన చూడనేలేదు.