నైలునది తల్లి లిలియన్ త్రాషర్

దేవుడు గొప్ప పనిని పలుమారులు చిన్న రూపములోనే మనకు అప్పగించును. ఐగుప్తు దేశములో వేలమంది పిల్లలకు తల్లియైన లిలియన్ త్రాషర్ అమ్మగారికి మొదట అప్పగింపబడినది ఏడుపు మానని ఒక పసిబిడ్డ మాత్రమే.

ఈమె 1887లో అమెరికాలోని జాక్సన్‌విల్ పట్టణమున జన్మించెను. యౌవనములో ఉత్తర కరోలినాలోని ఒక అనాథాశ్రమమున పనిచేసి, పసివారిని సాకుట, డబ్బు లేని దినములలో ప్రార్థనతో ఇల్లు నడుపుట నేర్చుకొనెను. ఒక దైవసేవకునితో వివాహము నిశ్చయమాయెను. పెండ్లికి పది దినములుండగా ఒక మిషనెరీ ప్రసంగము విని, దేవుడు తనను విదేశ సేవకు పిలుచుచున్నాడని గ్రహించి, ఆ సంబంధమును వదులుకొనెను. 1910లో సహోదరి జెన్నీతో ఓడ యెక్కి ఐగుప్తు చేరి, అస్యూత్ పట్టణమున మిషనులో సేవ మొదలుపెట్టెను.

కొద్ది నెలలకే మరణశయ్యపైనున్న ఒక బీద తల్లి యొద్దకు ఆమెను పిలిచిరి. ఆ తల్లి కన్నుమూయగా, పాడైన పాలు త్రాగుచున్న ఆడబిడ్డను లిలియన్ ఇంటికి తెచ్చెను. బిడ్డ రాత్రింబవళ్లు ఏడ్చుటచే తోటివారికి నిద్ర కరవై, బిడ్డను తిరిగి ఇచ్చివేయుమని మిషను పెద్దలు చెప్పిరి. లోకరీతిగా అది తగిన సలహాయే. కాని ఇచ్చినయెడల బిడ్డ బ్రతుకదని ఆమె యెరుగును. కనుక 1911 ఫిబ్రవరిలో తన కొద్ది పైకముతో వేరుగా ఇల్లు అద్దెకు తీసికొని బిడ్డతో వెళ్లిపోయెను. అదే ఆ శరణాలయమునకు ఆరంభము.

నిలకడయైన ఆదాయము లేదు. గాడిదనెక్కి ఊరూరు తిరిగి ధాన్యమును, చిల్లర డబ్బును అడిగి తెచ్చి పిల్లలను పోషించెను. క్రైస్తవులేగాక ముస్లిములును సహాయము చేసిరి. విధవరాండ్రకును అచ్చట ఆశ్రయము దొరకెను. 1919 నుండి అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ సంఘము ఆమెకు అండగా నిలిచెను. 1933లో ప్రభుత్వము ముస్లిము పిల్లలను శరణాలయమునుండి తీసికొనిపోయెను. తాను పెంచిన బిడ్డలు వెళ్లిపోవుట ఆమెకు గుండెకోతయే. అయినను మిగిలినవారికొరకు ఆమె తలుపు మూయలేదు.

1961 డిసెంబరు 17న ఆమె ప్రభువునందు నిద్రించునాటికి శరణాలయములో వెయ్యిమందికి పైగా ఉండిరి. ఆ సంస్థ నేటికిని ఆమె పేరనే నడుచుచున్నది.

ప్రియులారా, ఈ శతవార్షికోత్సవమున మన సంఘముల సంఖ్యను, భవనముల సంఖ్యను లెక్కించుకొనుచున్నాము. అది మంచిదే. అయితే మన వాకిట ఏడ్చుచున్న బిడ్డ మన నిద్ర చెరపినప్పుడు మనమేమి చేయుదుము? ఐగుప్తులో వేలమంది బ్రతుకు ఆ ఒక్క ప్రశ్నకు ఆమె చెప్పిన జవాబుమీదనే ఆనుకొనియుండెను.