మంగళగిరి గాలిగోపురం కట్టించిన వెంకటాద్రి నాయుడు

గుంటూరు నుంచి విజయవాడ పోయేవారికి ఎంతో దూరం నుంచే కనిపించేది మంగళగిరి గాలిగోపురం. పదకొండు అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. అడుగున వెడల్పు మాత్రం 49 అడుగులే. 1807-09 సంవత్సరాల మధ్య దీనిని కట్టించినవారు అమరావతి ప్రభువు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు.

నాయుడు 1761లో జన్మించారు. 1783లో జమీందారీకి వచ్చారు. మొదట కృష్ణ ఒడ్డున చింతపల్లిలో ఉండేవారు. తరువాత ఆ ఊరు విడిచి అమరావతిలో కొత్త పట్టణం కట్టించారు, అమరేశ్వరుని ఆలయాన్ని బాగుచేయించారు. చెంచులను విందుకు పిలిచి చంపించారనీ, ఆనాటి నుంచి కంచంలో అన్నం పురుగులై కనబడేదనీ, ఆ పాపభీతితోనే గుళ్ళు గోపురాలు కట్టించారనీ జనం చెప్పుకొంటారు. నరుకుళ్ళపాడు అనే ఊరిపేరును ఆ సంగతికే ముడిపెడతారు.

అంత సన్నని పాదం మీద అంత ఎత్తు నిలపడమంటే మాటలు కాదు. బరువంతా మోసే అడుగు భాగం రాతి కట్టడం. పైన ఇటుక, సున్నం. పైకి పోయేకొద్దీ అంతస్తు కుదించుకుపోతుంది గనుక బరువు తగ్గుతూ వస్తుంది. పై అంతస్తు చెడితే మళ్ళీ కట్టుకోవచ్చు. అడుగు కదిలితే మాత్రం మొత్తానికే ముప్పు. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న నేలకూలడం అందరూ ఎరిగినదే.

మంగళగిరి గోపురం కూడా పూర్తి కాగానే ఒక పక్కకు ఒరిగిందట. కాంచీపురం శిల్పుల సలహాపై ఎదురుగా కోనేరు తవ్వించగా నిటారుగా నిలిచిందని పెద్దలు చెప్పే మాట. ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే నల్లరేగడిలో ఇల్లు కట్టుకున్న మిరప రైతు ఈ మాటను కొట్టిపారేయడు. నేలలో తడి మారితే పునాది కదులుతుందని అతనికి తెలుసు. గోడ బీట వేస్తే అతను ముందు చూసేది పునాదినే.

ఇంతటి గోపురం నిలిపిన నాయుడి చేతనే అంతకన్నా పాత కట్టడం ఒకటి చెడిపోవడం విచారకరం. అమరావతి పట్టణానికి రాయి కావలసి దీపాలదిన్నెను తవ్వించారు. అది రెండు వేల ఏళ్ళనాటి బౌద్ధ స్థూపమని అప్పటికి ఎవరికీ తెలియదు. చెక్కడపు పలకలు ఇళ్ళకూ, మెట్లకూ పోయాయి. 1797లో మెకంజీ దొర వచ్చి వాటిని చూచారు. ఆయన 1816లో సర్వే కోసం తిరిగి వచ్చేసరికి దిన్నె నడుమ చెరువు తవ్వి ఉంది. గోపురం నిలవాలని తవ్విన కోనేరు ఎక్కడ, స్థూపం గుండెలో తవ్విన ఈ చెరువు ఎక్కడ!

1816 ఆగస్టులో నాయుడు కన్నుమూశారు. దత్తపుత్రులు జగన్నాథబాబు, రామనాథబాబు ఏళ్ళ తరబడి దావాలాడుకోగా జమీ చేజారింది. స్థూపంలో మిగిలిన పలకలు కొన్ని చెన్నై మ్యూజియంలోనూ, కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి.