జస్టిస్ కోకా సుబ్బారావు గారు

ఈ సంచికలో దైవసేవకుల జీవిత చరిత్రలు అనేకం ఉన్నవి. మేము మాత్రం ఒక న్యాయమూర్తిని ఎన్నుకొన్నాము. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా, అంతవరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు కొత్త హైకోర్టు క్రిందికి వచ్చాయి. ఆ కోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి శ్రీ కోకా సుబ్బారావు గారు.

వారు 1902 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. మద్రాసులో లా చదివి, కొద్దికాలం బాపట్లలో మునసబు పని చూచి, తిరిగి వకీలు వృత్తికే వచ్చారు. 1948లో మద్రాసు హైకోర్టు జడ్జీ, 1954లో గుంటూరులో నెలకొన్న ఆంధ్ర హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్ళి, 1966 జూన్ 30న భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. తెలుగువారిలో ఆ పీఠమెక్కిన మొదటివారు వారే.

1962లో ఖడక్ సింగ్ అనే ఉత్తరప్రదేశ్ వాసి వ్యాజ్యం వచ్చింది. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన అతని ఇంటికి పోలీసులు రాత్రివేళ వచ్చి తలుపు తట్టేవారు. వెంట నిఘా ఉండేది. రాత్రి సోదాలు తప్పనీ, తక్కిన నిఘా చెల్లుననీ నలుగురు జడ్జీలు తీర్పిచ్చారు. సుబ్బారావు గారు, జస్టిస్ షా గారు ఒప్పుకొనలేదు. ఎవరో చూస్తున్నారన్న భయంతో బ్రతికేవాడు స్వేచ్ఛగా బ్రతుకుతున్నట్లు కాదని వారి అభిప్రాయం. సాయుధ పోరాట కాలంలో అర్ధరాత్రి తలుపు చప్పుడంటే ఏమిటో మన పల్లెల పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. నాడు ఓడిన ఆ అభిప్రాయాన్నే 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం సరియైనదిగా స్వీకరించింది.

1967 ఫిబ్రవరి 27 నాటి గోలక్‌నాథ్ తీర్పు దగ్గర మాత్రం మా మనస్సు కొంత తటపటాయిస్తుంది. జలంధరులోని ఆ క్రైస్తవ కుటుంబానికి ఐదువందల ఎకరాలకు పైగా భూమి ఉండేది. అన్నదమ్ములకు తలా ముప్పది ఎకరాలే ఉంచుకొనవచ్చునని ప్రభుత్వం నిర్ణయించింది. పార్లమెంటు ప్రాథమిక హక్కులను తగ్గించజాలదని ఆరుగురు న్యాయమూర్తులు, కాదని ఐదుగురు తేల్చారు. ఆరుగురి పక్షాన పెద్ద సుబ్బారావు గారు. ఆస్తి కూడా అప్పుడు ప్రాథమిక హక్కే. భూమికై నెత్తురు కారిన ఈ గడ్డమీద నిలబడి, కౌలుదారు కుటుంబాలకు పరిచర్య చేస్తున్న మేము ఆ తీర్పును నిస్సంకోచంగా పొగడలేము. అయితే ఒక సంగతి మరువరాదు. తీర్పు ఇకముందు చేసే సవరణలకే వర్తిస్తుందని వారు నియమం పెట్టారు. కనుక అప్పటికే అమలైన భూసంస్కరణలు చెక్కుచెదరలేదు. గోలక్‌నాథ్ కుటుంబానికి భూమీ తిరిగి రాలేదు! 1973లో కేశవానంద భారతి కేసులో ఆ తీర్పును త్రోసిపుచ్చినా, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు చెరపరాదన్న కట్టడి నిలిచింది.

1967 ఏప్రిల్ 11న వారు పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచారు. డాక్టర్ జాకీర్ హుస్సేన్ గారు గెలిచారు. తీర్పులు చెప్పిన చేతితోనే ఓట్లడగడం ఎందరికో రుచించలేదు, మాకునూ రుచించదు. వారు ఆ పని చేయకుండిన వారి తీర్పులను శంకించే నోళ్ళు తగ్గియుండేవి.

ఎమర్జెన్సీలో, 1976 ఏప్రిల్ 28న, నిర్బంధితులకు కోర్టు తలుపు తట్టే హక్కు లేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎనిమిది దినములకు, మే 6న, సుబ్బారావు గారు కన్నుమూశారు.