సమష్టి కృషికి సారథి – బి. నాగిరెడ్డి

సంస్థను స్థాపించడానికి ధనం కావాలి. దానిని నిలబెట్టడానికి మనుషులు కావాలి. ధనం అప్పుగానైనా లభిస్తుంది గాని, మనసుపెట్టి పనిచేసే మనుషులు అప్పుగా లభించరు. వారిని గుర్తించాలి, గౌరవించాలి, కష్టకాలంలో కాపాడుకోవాలి. ఈ సత్యాన్ని గ్రహించి ఆచరణలో చూపిన తెలుగు వ్యాపారవేత్తలలో బొమ్మిరెడ్డి నాగిరెడ్డి అగ్రగణ్యులు. తెలుగువారి ఇళ్లలో చిరకాలం వెలిగిన ‘చందమామ’ పత్రిక, తరాలు మారినా వన్నె తగ్గని విజయా సంస్థ చలనచిత్రాలు ఆయన కూర్చిన బృందాల కృషికి ఫలాలు.

నాగిరెడ్డి 1912 డిసెంబరు 2న కడప జిల్లాలోని పొట్టిపాడు గ్రామంలో జన్మించారు. వారిది వ్యవసాయ కుటుంబం. ఉల్లిపాయలను బర్మాకు ఎగుమతి చేసే వ్యాపారం కూడ ఆ కుటుంబానికి ఉండేది. ఆ విధంగా నాగిరెడ్డికి చిన్ననాటనే వ్యాపారపు మెలకువలు పరిచయమయ్యాయి. ఆయన అన్నగారు బి.ఎన్. రెడ్డి ప్రసిద్ధ చలనచిత్ర దర్శకులు. అన్నగారు చిత్రనిర్మాణంలో నిమగ్నులు కాగా, మద్రాసులోని బి.ఎన్.కె. ముద్రణాలయం బాధ్యతను నాగిరెడ్డి స్వీకరించారు. అచ్చుపనిలో అక్షరాలు కూర్చేవారు మొదలుకొని పుస్తకాలు కుట్టేవారి వరకు ప్రతి ఒక్కరి శ్రమా అవసరమే. ఏ ఒక్కరు ఏమరినా పుస్తకం చెడుతుంది. సమష్టి కృషి విలువను నేర్చుకోవడానికి అంతకంటె మంచి పాఠశాల ఉండదు.

మద్రాసులోనే ఆయనకు చక్రపాణితో స్నేహం కుదిరింది. చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకటసుబ్బారావు. స్వస్థలం తెనాలి ప్రాంతం. క్షయవ్యాధికి చికిత్స పొందుతూ మదనపల్లె శానిటోరియంలో ఉన్న కాలంలో బెంగాలీ నేర్చి, శరత్‌చంద్రుని నవలలను తెనిగించిన పట్టుదల ఆయనది. నాగిరెడ్డికి నిర్వహణదక్షత, చక్రపాణికి కథాపరిజ్ఞానం సహజంగా అబ్బాయి. ఒకరి లోటును మరొకరు పూరించుకుంటూ, ఒకరి పనిలో మరొకరు తలదూర్చకుండా సాగిన ఆ మైత్రి 1975లో చక్రపాణి మరణించేవరకు చెక్కుచెదరలేదు. చిత్రాల మీద ఇద్దరి పేర్లూ కలిసి ‘నాగిరెడ్డి – చక్రపాణి’ అని జంటపదంగా నిలిచాయి.

1947 జూలైలో వారు పిల్లల కోసం ‘చందమామ’ మాసపత్రికను ప్రారంభించారు. 1952లో ప్రముఖ రచయిత కొడవటిగంటి కుటుంబరావు ఆ పత్రికలో చేరి, 1980లో మరణించేవరకు దానిని తీర్చిదిద్దారు. అదే ఏడాది చేరిన దాసరి సుబ్రహ్మణ్యం యాభై ఏళ్లకు పైగా అక్కడే పనిచేశారు. ‘చిత్రా’, శంకర్, వడ్డాది పాపయ్య వంటి చిత్రకారులు కథలకు ప్రాణం పోశారు. తెలుగు, తమిళ భాషలతో మొదలైన పత్రిక క్రమంగా పదికి పైగా భాషలకు విస్తరించింది. ప్రతిభావంతులను చేర్చుకోవడం ఒక ఎత్తు. దశాబ్దాల తరబడి వారు తమంతట తామే నిలిచిపోయేలా చేయడం మరొక ఎత్తు.

చిత్రనిర్మాణంలోను ఆయన ఇదే మార్గాన్ని అనుసరించారు. నటులను, రచయితలను, సాంకేతిక నిపుణులను నెలజీతాలపై నియమించి, వారికి స్థిరమైన జీవనాధారం కల్పించారు. రేపటి భుక్తిని గూర్చిన చింత తొలగినవాడు నేటి పనిపై మనసు నిలపగలడు. కె.వి. రెడ్డి, ఎల్.వి. ప్రసాద్ వంటి దర్శకులు, పింగళి నాగేంద్రరావు రచన, ఘంటసాల సంగీతం, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం, గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వం ఒక్క గూటికి చేరాయి. సంస్థ తొలి చిత్రం ‘షావుకారు’ 1950లో విడుదలై ప్రశంసలు పొందినా, ఆర్థికంగా ఆశించిన ఫలితాన్ని ఇవ్వలేదు. అయినా నాగిరెడ్డి వెనుకంజ వేయలేదు. మరుసటి ఏడాది వచ్చిన ‘పాతాళభైరవి’ ఘనవిజయం సాధించింది.

జట్టును నడపడంలో ఔదార్యంతోపాటు క్రమశిక్షణ కూడ అవసరం. ‘మిస్సమ్మ’ చిత్రీకరణ కొంత జరిగిన తరువాత ప్రధాన నటి భానుమతికి, నిర్మాతలకు అభిప్రాయభేదాలు వచ్చాయి. ఆమె ఎంతటి తార అయినా నిర్మాతలు తమ నియమాలను సడలించలేదు. రెండవ కథానాయిక పాత్రకు ఎంపికైన సావిత్రిని ప్రధానపాత్రకు మార్చారు. 1955లో విడుదలైన ఆ చిత్రం సావిత్రి కీర్తికి సోపానమైంది. మరొక సందర్భంలో వారి సహనం వెల్లడైంది. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించిన ‘చంద్రహారం’ 1954లో పరాజయం పాలయింది. ఒక్క ఓటమితో ఆయన ప్రతిభను వారు శంకించలేదు. 1962లో ‘గుండమ్మ కథ’ను ఆయనకే అప్పగించారు. ఆ చిత్రం నేటికీ తెలుగువారికి ప్రీతిపాత్రమే.

సమష్టి కృషికి పరాకాష్ఠ 1957 నాటి ‘మాయాబజార్’. సాలూరి రాజేశ్వరరావు కొన్ని పాటలకు బాణీలు కట్టి తప్పుకోగా, మిగిలిన సంగీతాన్ని ఘంటసాల పూర్తిచేశారు. అతుకు తెలియనంతగా అవి కలిసిపోయాయి. స్టూడియో దీపాల వెలుగులో బార్ట్లే పండువెన్నెలను సృష్టించారు. ఎవరి విద్యను వారు ప్రదర్శించినా, ప్రేక్షకునికి కనిపించేది ఒక్క కథే.

అయితే సమష్టి కృషిలో వ్యక్తి మరుగున పడే ప్రమాదం ఉంది. ‘చందమామ’లో పిల్లలను ఊపిరి బిగబట్టి చదివించిన ‘తోకచుక్క’ వంటి ధారావాహికల రచయిత దాసరి సుబ్రహ్మణ్యమని చాలామంది పాఠకులకు ఏళ్ల తరబడి తెలియదు. వాటిపై ఆయన పేరు అచ్చయ్యేది కాదు. సంస్థకు, శ్రామికులకు నడుమ ఉండే బంధం కూడ నిరంతరం కాపాడుకోవలసినదే. కార్మిక వివాదాల వలన 1998లో పత్రిక ఆగిపోయి, ఏడాది తరువాత గాని తిరిగి వెలువడలేదు. అర్ధశతాబ్దపు ప్రతిష్ఠ కూడ ఆ బంధం సడలినపుడు పత్రికను కాపాడలేకపోయింది.

వాహినీ స్టూడియోను కూడ చేపట్టి, విజయా–వాహినీని ఆసియాలోని పెద్ద స్టూడియోలలో ఒకటిగా నాగిరెడ్డి తీర్చిదిద్దారు. 1972లో మద్రాసులో విజయా ఆసుపత్రిని నెలకొల్పారు. తిరుమల తిరుపతి దేవస్థానాల పాలకమండలి అధ్యక్షులుగా సేవలందించారు. 1986వ సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. అంతకుముందే అన్నగారికి కూడ ఆ గౌరవం దక్కింది. 2004 ఫిబ్రవరి 25న ఆయన చెన్నైలో పరమపదించారు.

నాగిరెడ్డి కథ రాయలేదు, పాట కట్టలేదు, బొమ్మ గీయలేదు. ఆ విద్యలు తెలిసినవారిని వెదకి తెచ్చి, వారికి జీవిక కల్పించి, వారి పనిని వారికే వదిలిపెట్టారు. అధికారంతో పని చేయించుకోవచ్చు. అభిమానాన్ని మాత్రం నమ్మకంతోనే సంపాదించుకోవాలి. రేపు ఏ రంగంలోనైనా పదిమందికి సారథ్యం వహించదలచిన యువత ఆయన జీవితం నుండి గ్రహించవలసిన పాఠమిదే.