మూడోసారికి మెట్రిక్ గట్టెక్కిన శాస్త్రవేత్త
డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు (1895 – 1948)

మన బడి స్వర్ణోత్సవానికి అమెరికా నుంచి వస్తున్న పూర్వ విద్యార్థుల జాబితా చూస్తుంటే సంతోషంగా ఉంది. వాళ్లలో కొందరు అక్కడే ఇళ్లు కొనుక్కున్నారు, కొందరు పదేళ్లుగా గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నారు. వీళ్లందరికంటే ఎంతో ముందు, నూరేళ్ల కిందట, ఆ దారిన వెళ్లిన ఒక తెలుగువాడి కథ ఈ సంచికలో ఉండాలనిపించింది. జీవశాస్త్రం మాస్టారుగా ఏటీపీ పాఠం చెప్పిన ప్రతిసారీ ఆయన పేరు చెప్పాను. పూర్తి కథ చెప్పడానికి మాత్రం పీరియడ్ ఎప్పుడూ సరిపోలేదు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యంతో ముందే ఉద్యోగం మానుకున్నారు, కొన్నాళ్లకు కన్నుమూశారు. ఏడుగురు పిల్లల సంసారం తల్లి వెంకమ్మ మీద పడింది. సుబ్బారావుకు మొదట్లో చదువు మీద ధ్యాస లేదు. రాజమండ్రిలో చదువుతూ రెండుసార్లు మెట్రిక్ తప్పారు. తల్లి పట్టు వదల్లేదు, నగలమ్మి మద్రాసు పంపింది. అక్కడి హిందూ హైస్కూల్ నుంచి మూడోసారి రాసి గట్టెక్కారు. టెన్త్ తప్పిన పిల్లవాడి తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను మొదట చెప్పేది ఈ సంగతే.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఆ చదువుకు సాయపడిన అనపర్తి వాస్తవ్యులు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరితో 1919లో వివాహమైంది. గాంధీగారి పిలుపు విని సుబ్బారావు ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లేవారు. తెల్లదొర అయిన సర్జరీ ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. చివరికి ఆయన చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఆ ఖద్దరు గౌను ఖరీదు సముద్రం దాటాక కూడా చెల్లించాల్సి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఇంట్లో మరో పిడుగు పడింది. తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఒక అన్న, ఒక తమ్ముడు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. డాక్టరు చదువు చదివిన వాడు ఇంట్లో ఉండి కూడా ఏమీ చేయలేకపోయాడు. ఎందుకంటే దానికి మందన్నది అప్పటికి ఎవరి దగ్గరా లేదు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెబుతున్నా, ఆయన మనసంతా ఆ లేని మందు మీదే ఉండిపోయింది.

మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయంతో 1923 అక్టోబరులో బోస్టన్ చేరుకున్నారు. అప్పటికి వయసు 28. గర్భవతి అయిన భార్యను ఇక్కడ వదిలి వెళ్లారు. తర్వాత పుట్టిన కొడుకు ఏడాదైనా నిండకుండానే పోయాడు, తండ్రి వాడి ముఖం చూడనేలేదు. భార్యాభర్తలు కూడా మళ్లీ కలుసుకోలేదు. అమెరికా కల ధరను మనం డాలర్లలో లెక్కవేస్తాం. శేషగిరమ్మగారు కట్టిన ధర ఏ లెక్కకూ అందదు.

అదే 1923 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో తీర్పు చెప్పింది. భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారన్నది దాని సారాంశం. అంటే సుబ్బారావు అడుగుపెట్టేనాటికే ఆ తలుపు మూసి ఉంది. చదువుకోవచ్చు, పని చేయవచ్చు, ఆ దేశం వాడు మాత్రం కాలేడు. ఎల్.ఎం.ఎస్.కు అక్కడ విలువ లేక, డాక్టరైన మనిషి పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారు. పగలు హార్వర్డ్‌లో చదివారు.

ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా తర్వాత సైరస్ ఫిస్క్ దగ్గర జీవరసాయన శాస్త్రంలో చేరారు. 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి ప్రకటించారు. దాన్ని ఫిస్క్ – సుబ్బారావు పద్ధతి అంటారు. తర్వాత కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీశారు. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుగొన్నారు. కణానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు దారి చూపిన పని ఇది. 1930లో పీహెచ్.డి. వచ్చింది కానీ, హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. మిగిలింది ఎనిమిదేళ్లే. ఆ ఎనిమిదేళ్లలో జరిగింది చూడండి. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూకు అది పనిచేసే మందు. పాతికేళ్లు ఆలస్యంగానైనా ఆ బాకీ తీరింది. ఫోలిక్ యాసిడ్‌కు విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడే తయారయ్యాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి చూస్తే, పదహారు మందిలో పదిమందికి కొంతకాలం గుణం కనిపించింది. క్యాన్సర్‌కు మందులతో వైద్యం అన్న ఆశకు అదొక పెద్ద మొదలు. బోదకాలుకు హెట్రజాన్ వచ్చింది. రిటైరైన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌ను డెబ్భై దాటిన వయసులో పనిలో పెట్టుకుంటే, ఆయన మట్టిలోంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది.

1946లో చట్టం మారింది. ఏడాదికి వందమంది భారతీయులకు వలస అనుమతి, పౌరసత్వానికి అవకాశం వచ్చాయి. అయినా 1948 ఆగస్టులో నిద్రలో గుండె ఆగి, 53 ఏళ్లకే పోయేనాటికి సుబ్బారావు అమెరికా పౌరుడు కాలేదు. స్వతంత్ర భారతానికి తిరిగి రానూలేదు. నోబెల్ రాలేదు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ ఒక బిళ్ల వేసింది.

దీన్ని విజయగాథ అనాలా, విషాదం అనాలా అని పిల్లలు అడిగేవారు. రెండూ అనేవాణ్ణి. అమెరికా ఆయనకు ప్రయోగశాల ఇచ్చింది, పనిచేసే సమయం ఇచ్చింది. ఈ రెండూ ఆనాడు ఇక్కడ దొరికేవి కావు. చోటు మాత్రం ఇవ్వలేదు. ఆయన ఇంటివాళ్లకు ఏమీ మిగల్లేదు. లోకానికి మాత్రం మిగిలింది.

విదేశాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులకు ఒక్క మాట. కాగితం రాకపోతే జీవితం వృథా అయినట్టు కాదు, సుబ్బారావుగారే అందుకు సాక్ష్యం. అలాగని ఇక్కడ ఎదురుచూసేవాళ్లను ఎదురుచూస్తూనే ఉంచకండి, దానికీ ఆయన జీవితమే సాక్ష్యం.

ఇక మన ఉపాధ్యాయ మిత్రులకు. బడిలో వారానికోసారి పిల్లలకు నీలం రంగు ఐరన్ – ఫోలిక్ మాత్ర ఇస్తున్నాం కదా. ఈసారి ఇచ్చేటప్పుడు, అందులో సగం వెనుక రెండుసార్లు మెట్రిక్ తప్పిన ఒక భీమవరం కుర్రాడున్నాడని చెప్పండి. చివరి బెంచీలో ఎవడో ఒకడు తలెత్తి వింటాడు.